బి.ఫార్మసీలో చేరుతున్నవారు కాలేజీ వసతులు, రాకపోకలు, ఖర్చులు ముందుగా చూసుకోవలసిన తీరు

తెలంగాణ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో బి.ఫార్మసీ సీటు ఖాయమైన ఇంట్లో మాటలన్నీ ముందు ఫీజు చుట్టూనే తిరుగుతాయి. అలాట్‌మెంట్ ఆర్డరులో కనిపించే ట్యూషన్ ఫీజు ఎంత, అందులో ప్రభుత్వం ఎంత భరిస్తుంది, మిగిలినది ఎప్పుడు కట్టాలి అని ఆరా తీయడం సహజమే. అయితే ఫార్మసీ ప్రయోగశాలలో నిలబడి నేర్చుకునే చదువు. కాబట్టి కాలేజీ ఎంత దూరంలో ఉంది, సాయంత్రం ల్యాబ్ వదిలాక ఇంటికి చేరే దారి ఏమిటి, ఆ ల్యాబులో నీళ్లూ గ్యాసూ సరిగా వస్తాయా అన్న సంగతులను కూడా ఖర్చుతో పాటే లెక్కలోకి తీసుకోవాలి. వీటిని ముందుగా చూసుకోకపోతే ఆ భారం డబ్బు రూపంలోనో మార్కుల రూపంలోనో విద్యార్థి మీదనే పడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో చేరుతున్న జిల్లాల విద్యార్థులనూ వారి తల్లిదండ్రులనూ దృష్టిలో పెట్టుకొని ఈ సూచనలు రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో చేరేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

వారానికి ఎన్ని గంటలు కాలేజీలో గడపాలి

ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే మనం పీసీఐ అని పిలుచుకునే సంస్థ, బి.ఫార్మసీకి దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళికను నిర్దేశించింది. దాని ప్రకారం నాలుగేళ్ల చదువు 8 సెమిస్టర్లుగా సాగుతుంది, ఒక్కో సెమిస్టరులో పనిదినాలు 100కు తగ్గకూడదు. మొదటి సెమిస్టరులో హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ, ఫార్మాస్యూటికల్ అనాలిసిస్, ఫార్మాస్యూటిక్స్, ఇనార్గానిక్ కెమిస్ట్రీ అనే నాలుగు ప్రధాన సబ్జెక్టులు ఉంటాయి. ఒక్కో సబ్జెక్టుకు వారానికి 3 గంటల పాఠంతో పాటు ఒకేసారి కూర్చిన 4 గంటల ప్రాక్టికల్ ఉంటుంది. అంటే ఈ నాలుగు సబ్జెక్టులకే వారానికి 16 గంటలు ల్యాబులో గడుస్తాయి. కమ్యూనికేషన్ స్కిల్స్‌కు పాఠం, ప్రాక్టికల్ చెరో 2 గంటలు. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి రెమెడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ చదివినవారికి రెమెడియల్ బయాలజీ ఇదే సెమిస్టరులో చెబుతారు. అన్నీ కలిపితే, ట్యుటోరియళ్లు కాకుండానే, బైపీసీ విద్యార్థికి వారానికి 34 గంటలు, ఎంపీసీ విద్యార్థికి 36 గంటలు అవుతాయి. ఎంపీసీ వారికి బయాలజీ రాదేమోనన్న భయంతో కాలేజీ తెరవకముందే వేలు పోసి బయటి కోచింగుల్లో చేర్పించే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ అవసరాన్ని తీర్చడానికే రెమెడియల్ పేపరు పెట్టారు కాబట్టి ఆ ఖర్చు మానుకోవచ్చు.

ఈ గంటలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం హాజరు నిబంధన. పీసీఐ నియమావళి ప్రకారం ప్రతి సబ్జెక్టులో, పాఠానికీ ప్రాక్టికల్‌కూ విడివిడిగా, 80 శాతం హాజరు ఉండాలి. పైగా హాజరుకు నేరుగా మార్కులు ఉన్నాయి. థియరీ ఇంటర్నల్స్‌లో, అంటే కాలేజీలోనే వేసే మార్కుల్లో, హాజరు 95 శాతం, ఆపైన ఉంటే 4 మార్కులు పూర్తిగా వస్తాయి, 90 నుంచి 94 మధ్య ఉంటే 3, 85 నుంచి 89 అయితే 2, 80 నుంచి 84 అయితే 1 మాత్రమే, అంతకు తగ్గితే సున్నా. ప్రాక్టికల్స్‌లో ఇందులో సగం చొప్పున ఇస్తారు. రికార్డుకూ వైవాకూ (నోటి పరీక్షకూ) ప్రాక్టికల్‌లో మరో 3 మార్కులు ఉన్నాయి. మీ కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కిందికి వస్తుందో ఆ విశ్వవిద్యాలయం నియమావళిని కూడా మొదటి వారంలోనే తెచ్చుకొని చదవండి.

రోజుకు ఒకటిన్నర గంట వెళ్లడానికి, ఒకటిన్నర గంట రావడానికి పట్టే చోట ఉంటే 100 పనిదినాల సెమిస్టరులో 300 గంటలు రోడ్డు మీదే గడిచిపోతాయి. ఉదయం బస్సు తప్పితే పోయేది ఒక పాఠమే కావచ్చు. మధ్యాహ్నం ఊరికి వెళ్లే బస్సు కోసం ల్యాబ్ నుంచి ముందే బయలుదేరితే మాత్రం 4 గంటల ప్రాక్టికల్ మొత్తం పోతుంది, దాన్ని మళ్లీ చేయించడానికి వేరే రోజు దొరకడం కష్టం. అందుకే కాలేజీ ఎంపికలో దూరాన్ని ఫీజుతో సమానంగా చూడమని నేను గట్టిగా చెబుతాను.

చేరకముందు కాలేజీకి వెళ్లి చూడవలసినవి

అన్నింటికంటే ముందు పీసీఐ అనుమతి చూడాలి. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం పీసీఐ ఆమోదం ఉన్న సంస్థలో చదివితేనే తర్వాత ఫార్మసిస్టుగా రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో నమోదు కాగలుగుతారు. ఆమోదం ఒకసారి వచ్చిందంటే ఎప్పటికీ ఉంటుందని అనుకోకూడదు. పీసీఐ వెబ్‌సైటులో ఆమోదిత సంస్థల జాబితా ఉంటుంది. అందులో మీ కాలేజీ పేరు ఉందా, మీరు చేరుతున్న విద్యాసంవత్సరానికి ఆమోదం ఉందా, ఎన్ని సీట్లకు ఉంది అన్నవి మీరే చూసుకోండి. కాలేజీ గోడ మీద ఫ్రేము కట్టి పెట్టిన పాత ఉత్తర్వును చూసి సరిపెట్టుకోవద్దు. ఫార్మ్-డి, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సులో చేరేవారైతే ఆసుపత్రి ఒప్పందాన్ని కూడా అడగాలి. ఆ కోర్సు నడపాలంటే కనీసం 300 పడకల ఆసుపత్రి అందుబాటులో ఉండాలి. ఆ ఆసుపత్రి కాలేజీకి ఎంత దూరమో ఇప్పుడే తెలుసుకోవాలి, ఎందుకంటే రెండో ఏడాది నుంచి మీరు పోస్టింగులకు అక్కడికి వెళ్లి రావలసి ఉంటుంది.

కాలేజీని చూడడానికి పనిదినాన, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో వెళ్లండి. ఆదివారం వెళ్తే భవనమే కనిపిస్తుంది గానీ ప్రాక్టికల్స్ ఎలా జరుగుతున్నాయో తెలియదు. ప్రాక్టికల్ బ్యాచికి 20 మందికి మించకూడదన్నది నిబంధన. కాబట్టి ల్యాబులోకి తొంగి చూసి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. టైట్రేషన్, అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత తేల్చే ప్రయోగం, జరుగుతుంటే ఒక్కొక్కరి ముందు ఒక బ్యూరెట్ (గీతలున్న గాజు గొట్టం) ఉందా, లేక నలుగురైదుగురు ఒకే బ్యూరెట్ చుట్టూ నిలబడి ఒకరు తీసిన రీడింగును అందరూ రాసుకుంటున్నారా అన్నది గమనించండి. తూకం వేసే త్రాసులు ఎన్ని ఉన్నాయో, వాటి దగ్గర ఎంత వరుస ఉందో చూడండి. కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో, బర్నర్లకు గ్యాసు లైను ఉందో లేదో, ఆవిర్లు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ గానీ కనీసం ఎగ్జాస్ట్ ఫ్యాన్ గానీ పనిచేస్తున్నదో లేదో, కంట్లో ఏదైనా పడితే కడుక్కునే ఏర్పాటు ఎక్కడ ఉందో అడగండి. డిస్టిల్డ్ వాటర్ కాలేజీలోనే తయారవుతుందా, బయటి నుంచి తెస్తారా అని అడిగినా ల్యాబ్ నిర్వహణ ఎలా ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

మెషిన్ రూములో టాబ్లెట్ పంచింగ్ యంత్రాన్ని, ఇన్‌స్ట్రుమెంట్ రూములో మందు నమూనాలను పరీక్షించే యూవీ స్పెక్ట్రోఫోటోమీటరు, హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రాలను చూపిస్తారు. అవి ఉన్నాయో లేదో అడిగితే సరిపోదు. ఆ యంత్రం పక్కన ఉండే లాగ్‌బుక్ చూపించమని మర్యాదగా కోరండి. ఎవరు, ఏ తేదీన, ఏ నమూనాకు వాడారో అందులో రాసి ఉంటుంది. చివరి నమోదు ఏడాది కిందటిదైతే ఆ యంత్రం విద్యార్థుల చేతికి రాదని అర్థం. ఔషధ మొక్కల తోట ఉండాలి. ఫార్మకాగ్నసీ, అంటే మొక్కల వంటి సహజ వనరుల నుంచి వచ్చే మందుల శాస్త్రం, చదివేటప్పుడు అడ్డసరం, తిప్పతీగ, నేలవేము వంటి మొక్కలను పేరుపలకతో పాటు చూసి గుర్తుపట్టిన విద్యార్థికీ, పుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టిన విద్యార్థికీ వైవాలో తేడా ఇట్టే తెలుస్తుంది.

లైబ్రరీలో మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథం ఇండియన్ ఫార్మకోపియా తాజా ముద్రణ ఉందా, దాన్ని విద్యార్థులు తీసి చూసుకోనిస్తారా, పాఠ్యపుస్తకాలను ఇంటికి ఇస్తారా, ఎన్ని రోజులకు ఇస్తారు, సాయంత్రం ఎంతవరకు తెరిచి ఉంచుతారు అని అడగండి. కొన్ని చోట్ల లైబ్రరీ కాలేజీ బస్సు కదిలే వేళకే మూతపడుతుంది. అప్పుడు అక్కడి పుస్తకాలు హాస్టల్ విద్యార్థికి కూడా అక్కరకు రావు. మంచినీళ్లు, క్యాంటీన్, అమ్మాయిల మరుగుదొడ్లు, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స పెట్టె వంటివి సీనియర్ విద్యార్థులను అడిగితేనే నిజంగా ఎలా ఉన్నాయో తెలుస్తుంది. కాలేజీవారు పక్కన లేనప్పుడు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి.

రాకపోకలు

హైదరాబాద్ పేరుతో ఉన్న ఫార్మసీ కాలేజీల్లో చాలావరకు ఊరి నడుమ ఉండవు. ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్, మైసమ్మగూడ, మొయినాబాద్, నర్సాపూర్ రోడ్డు వంటి శివార్లలో ఉంటాయి. కాబట్టి ముందు కాలేజీ ఏ దిక్కున ఉందో చూసి, ఉండే చోటును ఆ దిక్కుకే ఎంచుకోవాలి. కూకట్‌పల్లిలో బంధువుల ఇల్లు ఉందని అక్కడ దిగి రోజూ ఇబ్రహీంపట్నం వెళ్లి రావడమంటే ఊరంతా అడ్డంగా దాటడమే. ఆ శ్రమ నాలుగు వారాల్లోనే తెలిసివస్తుంది.

మెట్రో మూడు మార్గాల్లో నడుస్తోంది: మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్. శివారు కాలేజీల దాకా మెట్రో వెళ్లదు గానీ చివరి స్టేషన్ దాకా వేగంగా చేర్చి, అక్కడి నుంచి బస్సు అందుకోవడానికి ఉపయోగపడుతుంది. ఇబ్రహీంపట్నం వైపు వెళ్లేవారు ఎల్బీనగర్‌లో, ఘట్‌కేసర్ వైపు వెళ్లేవారు ఉప్పల్‌లో బస్సు మారవచ్చు. మొయినాబాద్, చేవెళ్ల వైపు బస్సులు మెహిదీపట్నం మీదుగా దొరుకుతాయి. మేడ్చల్, ఘట్‌కేసర్‌లకు ఎంఎంటీఎస్ రైళ్లు కూడా ఉన్నాయి. టికెట్ చాలా తక్కువ, కానీ రైళ్లు కొన్నే కాబట్టి వాటి వేళలు మీ ఉదయపు తొలి పాఠానికీ సాయంత్రం ల్యాబ్ వదిలే వేళకూ సరిపోతాయో లేదో చూసుకున్నాకే వాటి మీద ఆధారపడండి.

అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ చిరునామాతో ఆధార్ ఉన్న అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతుంటే ఇది వర్తించదు, ఆమె ప్రయాణ ఖర్చును లెక్కలో వేసుకోవలసిందే. ఆంధ్రప్రదేశ్‌లో చదివే ఆ రాష్ట్రపు అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద అటువంటి సౌకర్యమే వచ్చింది. డీలక్స్, సూపర్ లగ్జరీ వంటి పై తరగతి బస్సులకు మాత్రం రెండు చోట్లా డబ్బులు పెట్టాలి. పండుగకు ఇంటికి వెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అబ్బాయిలకు టీజీఎస్‌ఆర్టీసీ విద్యార్థి బస్ పాస్ ఉంది. ఒకే దారిలో వెళ్లి వచ్చేవారికి రూట్ పాస్, నగరంలో ఎక్కడికైనా తిరగవలసినవారికి గ్రేటర్ పాస్ పనికివస్తాయి. 2025 జూన్‌లో పాస్‌ల ధరలు పెరిగాయి. అందరికీ ఇచ్చే సాధారణ నెలవారీ ఆర్డినరీ పాస్ రూ.1,150 నుంచి రూ.1,400 అయింది, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ రూ.1,300 నుంచి రూ.1,600 అయింది. విద్యార్థి పాస్ ఇంతకంటే చాలా చౌక కాబట్టి దానికోసం పట్టుబట్టాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేశాక కాలేజీ ఆఫీసువారు దాన్ని ధ్రువీకరించాలి, అప్పుడే కౌంటరులో పాస్ ఇస్తారు. ఆలస్యం జరిగేది ఈ ధ్రువీకరణ దగ్గరే. అడ్మిషన్ నంబరు వచ్చిన రోజే దరఖాస్తు చేసి, ఆఫీసులో ఆ పని చూసే గుమస్తా ఎవరో కనుక్కొని, ఫలానా రోజు పెట్టానని చెప్పి రండి. బోనఫైడ్, ఆధార్ జిరాక్స్, ఫొటోలు సంచిలో ఉంచుకోండి.

కాలేజీ బస్సు సౌకర్యమే గానీ దాని ఫీజు సాధారణంగా ఏడాది మొత్తానికి ఒకేసారి అడుగుతారు. కట్టేముందు నాలుగు సంగతులు అడిగి, వీలైతే రాతలో తీసుకోండి. మధ్యలో హాస్టలుకు మారితే మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇస్తారా? వాయిదాల్లో కట్టవచ్చా? ల్యాబ్ ఆలస్యమైతే బస్సు ఆగుతుందా? సెమిస్టర్ పరీక్షల రోజుల్లో, పరీక్షా కేంద్రం వేరే కాలేజీలో పడితే, బస్సు నడుపుతారా? చివరి ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే పరీక్షల నెలకు ఆటో ఖర్చు విడిగా పెట్టుకోవాలి. కాలేజీ బస్సు ఫీజు కట్టక ముందు ఒక రోజు ఆర్టీసీ బస్సులో, ఉదయం తొలి పాఠానికి అందే వేళకు, మీరే వెళ్లి చూడండి. ప్రధాన రహదారి మీద బస్సు దిగాక లోపలికి ఎంత నడవాలో, షేర్ ఆటోకు ఎంత అడుగుతున్నారో, చీకటి పడ్డాక ఆ దారిలో దీపాలు ఉన్నాయో లేదో ఆ ఒక్క రోజులో తెలిసిపోతుంది. షేర్ ఆటోకు రోజుకు రూ.40 చొప్పున పోయినా 100 రోజులకు రూ.4,000 అవుతుంది. ఈ ఖర్చు ఏ ఫీజుల పట్టికలోనూ కనిపించదు.

ఉండే చోటు

కాలేజీ హాస్టల్, బయటి ప్రైవేటు హాస్టల్, ప్రభుత్వ సంక్షేమ హాస్టల్, నలుగురు కలిసి అద్దెకు తీసుకునే గది అని నాలుగు దారులు ఉన్నాయి. మొదటి ఏడాదికి కాలేజీ హాస్టల్ గానీ, కాలేజీకి నడిచివెళ్లే దూరంలోని హాస్టల్ గానీ మేలని నా అభిప్రాయం. రికార్డులు రాసుకోవడానికి, సీనియర్ల దగ్గర పుస్తకాలు తీసుకోవడానికి, ప్రాక్టికల్ సందేహాలు తీర్చుకోవడానికి తొలి ఏడాదిలో కాలేజీ చెంత ఉండడం చాలా కలిసివస్తుంది. గది తీసుకొని వండుకోవడం చౌకగా కనిపిస్తుంది గానీ అడ్వాన్సు, గ్యాసు, గిన్నెలు, కరెంటు బిల్లు అన్నీ కలిపి లెక్క వేస్తే తొలి నెలల్లో అంత తేడా ఉండదు. 4 గంటలు నిలబడి వచ్చాక వంట చేసుకొనే ఓపిక కూడా ఉండాలి. రెండో ఏడాదికి స్నేహితులు కుదిరాక ఆలోచించవచ్చు.

ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులు పోస్ట్‌మెట్రిక్ కాలేజీ హాస్టళ్లను మరచిపోవద్దు. వీటిలో వసతికి, భోజనానికి డబ్బు కట్టనక్కరలేదు. 2024లో ప్రభుత్వం ఈ హాస్టళ్ల డైట్ ఛార్జీలను విద్యార్థికి నెలకు రూ.1,500 నుంచి రూ.2,100కు పెంచింది. సీట్లు తొందరగా నిండుతాయి కాబట్టి అలాట్‌మెంట్ రాగానే కాలేజీకి దగ్గరలోని హాస్టల్ వార్డెన్‌ను కలవండి. ప్రైవేటు హాస్టల్లో చేరేటప్పుడు అడ్వాన్సు ఎంత తిరిగి ఇస్తారు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సెలవుల నెలలో అద్దె తీసుకుంటారా అని అడిగి రశీదు మీద రాయించుకోండి. ల్యాబ్ రోజున మధ్యాహ్నం డబ్బా కట్టి ఇస్తారా అని కూడా అడగండి. ఇవ్వకపోతే రోజూ క్యాంటీన్ ఖర్చు తప్పదు.

విశ్వవిద్యాలయ క్యాంపస్ కాలేజీల్లో, ఉదాహరణకు కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో సీటు వచ్చినవారికి హాస్టల్, లైబ్రరీ, తరగతి గది దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ రోడ్డు ఖర్చు చాలావరకు తప్పుతుంది. అయితే అక్కడ కూడా మీది రెగ్యులర్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా అన్నది చూసుకోవాలి. రెండింటి ఫీజులు వేరు.

డబ్బు లెక్క

తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజులను ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, అంటే టీఏఎఫ్‌ఆర్‌సీ, కాలేజీవారీగా నిర్ణయిస్తుంది. ప్రైవేటు కాలేజీల సీట్లలో 70 శాతం కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా, 30 శాతం కాలేజీ యాజమాన్యం నింపే మేనేజ్‌మెంట్ కోటా. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవారికే. మేనేజ్‌మెంట్ కోటాలో గానీ, కౌన్సెలింగ్ ముగిశాక జరిగే స్పాట్ అడ్మిషన్లలో గానీ చేరినవారికి అది రాదు. స్పాట్‌లో ఇంటికి దగ్గరి కాలేజీ దొరికిందని కన్వీనర్ సీటు వదులుకునేముందు ఈ మాట నాలుగేళ్లకూ గుణించి చూడండి.

అర్హత ఉన్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజు మొత్తం ప్రభుత్వం భరిస్తుంది. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) విద్యార్థులకు సాధారణంగా ఏడాదికి రూ.35,000 వరకే. ఉదాహరణకు కాలేజీ ఫీజు రూ.70,000 అనుకుంటే మిగిలిన రూ.35,000 ఇంటి నుంచి కట్టాలి, నాలుగేళ్లకు అది రూ.1,40,000. బీసీ, ఈబీసీలకు కుటుంబ ఆదాయం గ్రామాల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి కాబట్టి కౌన్సెలింగుకు ముందే మీసేవలో దరఖాస్తు పెట్టుకోండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్‌లో మొదటి ఏడాది ఫ్రెష్ దరఖాస్తు, తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. రెన్యువల్ మరిచిపోయి ఏడాది ఫీజు మొత్తం నెత్తిన పడినవారు ప్రతి బ్యాచిలోనూ ఒకరిద్దరు ఉంటారు. బ్యాంకు ఖాతా విద్యార్థి పేరిట ఉండి ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.

ప్రభుత్వ నిధులు ఆలస్యమైనప్పుడు కాలేజీలు ముందుగా మీరే కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తామని అడగడం మామూలైపోయింది. ఇది పిల్లల మీద చాలా భారం వేస్తున్న సంగతి. చేరే రోజే ఈ విషయం సూటిగా అడగండి. కట్టవలసి వస్తే రశీదు మీద ‘రీయింబర్స్‌మెంట్ వచ్చాక తిరిగి చెల్లించవలసినది’ అని రాయించుకోండి. నోటి మాట మీద ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

ట్యూషన్ ఫీజు కాక స్పెషల్ ఫీజు, విశ్వవిద్యాలయ రిజిస్ట్రేషన్, ప్రతి సెమిస్టరుకూ పరీక్ష ఫీజు, ల్యాబ్ డిపాజిట్, గుర్తింపు కార్డు, యూనిఫాం అని చిన్న చిన్న పద్దులు ఉంటాయి. మొదటి రోజే ఫీజుల పట్టికను పూర్తిగా రాతలో అడగండి. తిరిగి వచ్చే డిపాజిట్ ఏది, రానిది ఏది అని వేరు చేసి గుర్తు పెట్టుకోండి.

ఇంకా తక్కువ పడితే విద్యారుణం ఉంది. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం రూ.4 లక్షల వరకు తనఖా గానీ, మీ వాటా సొమ్ము గానీ అడగరు. చదువు ముగిసిన ఏడాది తర్వాత తిరిగి కట్టడం మొదలవుతుంది. ఫీజే కాకుండా హాస్టల్, పుస్తకాలు, పరీక్ష ఫీజు, పరికరాల ఖర్చు కూడా రుణంలో చేర్చవచ్చు. అందుకు కాలేజీ నుంచి నాలుగేళ్ల ఖర్చుల అంచనా పత్రం కావాలి. ఆ పత్రంలో హాస్టల్ పద్దు లేకుండా ఇస్తే వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించుకోండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు.

ల్యాబ్ సామాన్లు, పుస్తకాలు

ఏప్రాన్లు రెండు కొనండి, రెండూ నూలువే. పాలిస్టర్ ఏప్రాన్ చూడడానికి తెల్లగా, ముడతలు పడకుండా బాగుంటుంది గానీ బర్నర్ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చేతులు పూర్తిగా ఉండాలి, మోకాళ్ల దాకా రావాలి. మొదటి సెమిస్టరు అనాలిసిస్, ఇనార్గానిక్ ల్యాబుల్లో క్లోరైడ్ లిమిట్ టెస్టు, అంటే ఆ మలినం హద్దులోనే ఉందో లేదో చూసే పరీక్ష, చేయిస్తారు. పొడవాటి రెండు నెస్లర్ సిలిండర్లలో, ఒకదాంట్లో నమూనా, మరొకదాంట్లో ప్రామాణిక ద్రావణం తీసుకొని, సిల్వర్ నైట్రేట్ కలిపి, వచ్చిన మసకదనాన్ని నల్లని నేపథ్యం ముందు పెట్టి పోల్చి చూస్తారు. ఆ సిల్వర్ నైట్రేట్ చుక్క వేలి మీద పడినప్పుడు నీళ్లలాగే ఉంటుంది, ఏమీ తెలియదు. వెలుతురు తగిలాక అదే చోట గోధుమ రంగు, తర్వాత నలుపు మచ్చ తేలుతుంది, చర్మం మీద కొన్ని రోజులు పోదు, బట్ట మీద అసలు పోదు. చేతి తొడుగుల పెట్టె ఒకటి, కళ్లద్దాలు ఒకటి మొదటి వారంలోనే కొనమని చెప్పేది ఇందుకే. పాదం మూసుకునే బూట్లు తప్పనిసరి. చెప్పులతో వస్తే చాలా కాలేజీల్లో ల్యాబులోకి రానివ్వరు, రానివ్వకపోవడమే సరైనది.

ఇవి కాక ఒక్కో ప్రాక్టికల్ సబ్జెక్టుకు ఒక అబ్జర్వేషన్ పుస్తకం, ఒక రికార్డు కావాలి. పొడులు తీసే చిన్న గరిటె (స్పాచులా), టెస్ట్‌ట్యూబ్ హోల్డర్, లైటర్, పాత గుడ్డ ముక్క, మార్కర్ పెన్ను చిన్న డబ్బాలో పెట్టుకోండి. అనాటమీ ల్యాబులో రక్తం గడ్డకట్టే కాలం, రక్త వర్గం, హిమోగ్లోబిన్ చూసేటప్పుడు వేలికి పొడిచే లాన్సెట్‌ను ఒక్కరికి ఒక్కటి మాత్రమే, ఒక్కసారి మాత్రమే వాడాలి. కాలేజీ ఇవ్వకపోతే మీరే కొనుక్కోండి. ఇంకొకరు వాడినదాన్ని స్పిరిట్‌తో తుడిచి ఇచ్చినా తీసుకోవద్దు, అడగడానికి మొహమాటపడవద్దు.

పుస్తకాలను కాలేజీ తెరవకముందు కొనవద్దు. ఏ అధ్యాపకుడు ఏ పుస్తకం నుంచి చెబుతారో రెండు వారాల్లో తెలుస్తుంది. అనాటమీకి రంగుల బొమ్మలున్న మంచి పుస్తకం ఒకటి సొంతంగా ఉండాలి, దాని పని మళ్లీ ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు) దాకా ఉంటుంది. మిగిలినవి లైబ్రరీలోనో, రెండో ఏడాదికి వెళ్లిన సీనియర్ల దగ్గరో దొరుకుతాయి. హైదరాబాద్‌లో కోఠి పుస్తకాల దుకాణాల్లో పాత ముద్రణలు తక్కువ ధరకు వస్తాయి. అయితే పాఠ్యప్రణాళిక మారకముందు వచ్చినవి కాకుండా చూసుకోండి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు మొదటి నెలలో ల్యాబ్ మాటలను, అంటే పరికరాల పేర్లను, ప్రక్రియల పేర్లను, చిన్న పుస్తకంలో రాసుకొని దాని పక్కనే తెలుగు అర్థం పెట్టుకుంటే వైవాలో తడబాటు తగ్గుతుంది.

సర్టిఫికెట్లు, రశీదులు, భద్రత

కాలేజీలో రిపోర్టు చేసేముందు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ, కులం, ఆదాయం పత్రాలన్నీ రంగుల్లో స్కాన్ చేసి ఉంచుకోండి, మూడేసి జిరాక్సులు తీయించండి. కాలేజీకి ఒరిజినల్ టీసీ ఇస్తే సరిపోతుంది, మిగతావాటికి జిరాక్సులు చాలు. ఉన్నత విద్యాసంస్థలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఏదైనా ఒరిజినల్ ఇవ్వవలసి వస్తే ఇచ్చిన పత్రాల పేర్లు, తేదీ, కాలేజీ ముద్రతో రశీదు తీసుకోండి.

ర్యాగింగ్‌కు వ్యతిరేకంగా యూజీసీ 2009లో నియమావళి తెచ్చింది. విద్యార్థి, తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో హామీపత్రం ఇవ్వాలి. 1800-180-5522 నంబరుకు రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, పేరు బయటపెట్టనక్కరలేదు. ఈ నంబరు విద్యార్థి ఫోనులోనే కాదు, తల్లిదండ్రుల ఫోనులో కూడా ఉండాలి.

ఇప్పుడే ఆలోచించవలసిన ఇంకొక ఖర్చు మూడో ఏడాదిలో ఎదురవుతుంది. ఆరో సెమిస్టరు ముగిశాక, ఏడో సెమిస్టరు మొదలయ్యేలోపు పరిశ్రమలో గానీ ఆసుపత్రిలో గానీ నాలుగు వారాల్లో 150 గంటలు తగ్గకుండా శిక్షణ పొందాలి. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి, విశాఖ దగ్గరి పరవాడ వంటి చోట్ల మందుల కంపెనీలు ఉన్నాయి. షిఫ్టు ఉదయం ఆరు గంటలకే మొదలు కావచ్చు, కాబట్టి ఆ నెలకు గది గానీ బండి ఖర్చు గానీ విడిగా చూసుకోవాలి. శిక్షణ ఇప్పించే బాధ్యత కాలేజీదా, విద్యార్థిదా, దానికి ఫీజు తీసుకుంటారా అని చేరే రోజే అడగండి. మొదటి ఏడాది నుంచి నెలకు రూ.200 చొప్పున పక్కన పెట్టుకుంటే మూడేళ్లకు రూ.7,200 చేతిలో ఉంటుంది, ఆ నాలుగు వారాల ప్రయాణానికీ భోజనానికీ అది అక్కరకు వస్తుంది.